మంచు కింద బతికినవి

స్మోకీ నది లోయ,
ఆగస్టు 27, 2006

హాల్యాకు,

ఉత్తరం చూడగానే ఎవరికేమైందోనని కంగారుపడకు. నేనూ మీ అన్నా బాగానే ఉన్నాం. కానీ భయపడి రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

జులై చివర్లో ఒక మధ్యాహ్నం బంగాళాదుంపల మడిలో కలుపు తీస్తున్నాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంటి రేకుల మీద మాత్రం చినుకులు పడుతున్న చప్పుడు. తలెత్తి చూస్తే వాన కాదు, పురుగులు. బియ్యపుగింజంత నల్లటి పురుగులు. పడమటి కొండల మీదుగా గాలి వాటిని మోసుకొచ్చి కుమ్మరించింది. నా జుట్టులో అవే, ఆరేసిన దుప్పట్ల మడతల్లో అవే. మీ అన్న ఒకదాన్ని గోటి మీద పెట్టుకుని చూశాడు. "ఇవి కొండకి అవతలివే. ఇటు రావడమేంటి?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ అడవిలో చెట్లు కొడుతున్న మనిషి ముఖం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఇంటి చుట్టూ ఉన్న పైన్ చెట్ల ఒంటినిండా బంక ఉండలు, పేలాలు అంటించినట్టు. మొదళ్ళ చుట్టూ సన్నటి రంపపు పొట్టు. ముప్పై ఒక్క చెట్లు లెక్కపెట్టాం. బెరడుకి చెవి ఆనిస్తే లోపల గీకుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. "మైరన్, రా, విను" అని మీ అన్నను పిలిచాను. చెవి పెట్టి, "నాకేం వినపడటం లేదే, నీ భయమే గీకుతోంది" అని నవ్వాడు.

అన్నీ కొట్టేద్దామని నేను. వద్దని మీ అన్న. "బంక కారుతోందంటే చెట్టు కొట్లాడుతోందన్నమాట. కొట్లాడేదాన్ని నరకను" అంటాడు. నువ్వు చదివేది ఈ పురుగుల గురించే కదా. నీ మాట అడగమని ఆయన అనలేదు గానీ, కాగితం కలం తెచ్చి బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. ఆడపడుచు మాటంటే ఈ ఇంట్లో శాసనం. చెప్పు, కొట్టాలా, ఆగాలా?

ఒరీసియా


ఎడ్మంటన్,
సెప్టెంబరు 14, 2006

వదినా,

నీ ఉత్తరం లాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. పురుగుల వాన గురించి ఇంత బాగా మాలో ఎవరూ రాయలేదు. మా లాబ్ పెద్దాయన "మీ వదినకి ఉద్యోగం ఇద్దామా?" అన్నాడు.

అసలు సంగతి చెబుతాను. నేను చదివేది పురుగును కాదు, అది మోసుకొచ్చే బూజును. ఆ పురుగు ఒక్కతే రాదు వదినా, అన్నం మూట కట్టుకుని వస్తుంది. నోటి పక్కన చిన్న సంచి ఉంటుంది, అందులో బూజు విత్తనాలు. బెరడు తొలిచి లోపలికి పోగానే చెట్టు బంకతో దాన్ని ముంచేయాలని చూస్తుంది. ఈలోగా బూజు చెక్కలోకి పాకి, నీళ్ళు పైకెక్కే దారులు మూసేస్తుంది. చెక్క నీలంగా మారుతుంది. చెట్టు దాహంతో చస్తుంది. పిల్లపురుగులు ఆ బూజే తిని పెరుగుతాయి.

బూజుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి చలికి ఓర్చుకునేది, ఒకటి వేడిని ఇష్టపడేది. నేను వాటిని 'చలిది', 'ఎండది' అని పిలుచుకుంటాను. ఆ ఏడాది చలిగా ఉంటే ఒకటి ముందుకొస్తుంది, వేడిగా ఉంటే మరొకటి. గాజు గిన్నెల్లో పెంచి, అయిదు డిగ్రీల అరలో కొన్ని, పదిలో కొన్ని, ఇరవై అయిదులో కొన్ని పెడతాను. పైన చెట్టు బంక ఆవిరి వదులుతాను. ఎవరు ఆగుతారో, ఎవరు పాకుతారో రోజూ స్కేలు పెట్టి కొలుస్తాను. ఈ వయసులో నేను చేసేది బూజుకి చాకిరీ.

మీ చెట్ల సంగతి. అన్నయ్య చెప్పింది నిజమే. బంక అంత దండిగా వస్తోందంటే చెట్టు గట్టిదే. పైగా మీ దగ్గర నలభై మైనస్‌లు మామూలే. క్రిస్మస్‌లోపు ఒక గట్టి చలి పడితే లోపలివి లోపలే గడ్డకట్టి చస్తాయి. కొట్టకండి. ఆగండి.

ఒక్క ఉపకారం. అన్నయ్యను ఆ చెట్లలో రెంటిని కొట్టి, ఛాతీ ఎత్తులో రొట్టెముక్కల్లా గుండ్రటి బిళ్ళలు బెరడుతో సహా కోసి బస్సు పార్శిల్లో పంపమను. ఇలా తూర్పుకి వచ్చిన పురుగుల బూజు ఇంతవరకూ నా చేతికి రాలేదు.

హాల్యా


స్మోకీ నది లోయ,
నవంబరు 30, 2006

హాల్యాకు,

నువ్వడిగిన బిళ్ళలు పోయిన నెలే పంపాం కదా, అందినట్టు కబురు లేదు. అందే ఉంటాయిలే.

నిన్న మొన్న ఇక్కడ ముప్పై ఆరు మైనస్. నీళ్ళ తొట్టి అడుగుదాకా గడ్డకట్టింది, ట్రక్కు మొరాయించింది, నా చెంప ఒకటి తెల్లబడింది. అయినా మీ అన్న వాకిట్లో నిలబడి చెట్లవైపు చెయ్యి ఊపుతూ, "చావండే, చావండి!" అని చిందులేశాడు. చలిని చూసి సంబరపడ్డ వాళ్ళు ఈ లోయలో మేమే అయ్యుంటాం.

ఈ చలికాలం సర్కారు పని మీద, సర్కారు అడవిలో పురుగు పట్టిన చెట్లను వెతికి, కొట్టి, తగలబెడుతున్నారు మీ అన్న, ఎమిల్. ఎమిల్ తెలుసుగా, డెలోర్మ్ వాళ్ళ అబ్బాయి. అబ్బాయంటే ఇప్పుడు యాభై. ఇద్దరూ పొగ కంపు కొడుతూ వస్తారు. ఎమిల్ నా బోర్ష్ రెండు గిన్నెలు తాగి, "ఒరీసియా, నీ బీట్‌రూట్ లేకపోతే ఈ మొగుణ్ణి అడవిలోనే వదిలేసేవాణ్ణి" అంటాడు.

ఒకటి చెప్పనా? ఈమధ్య మీ అన్న పిలిస్తే పలకడం లేదు. మూడుసార్లు పిలవాలి. వయసుతోపాటు మొండితనం ముదిరిందనుకుంటున్నాను. నువ్వు చిన్నప్పటినుంచీ చూస్తున్నావు, ముందునుంచీ ఇంతేనా?

చలి పడింది కాబట్టి గండం గడిచినట్టేనా? ఆ ఒక్క మాట రాయి. ఆ మాట కోసమే చూస్తుంటాను.

ఒరీసియా


ఎడ్మంటన్,
జనవరి 11, 2007

వదినా,

మీ ఇద్దరికీ జనవరి ఏడున వచ్చిన మన ఉక్రేనియన్ క్రిస్మస్ శుభాకాంక్షలు. బిళ్ళలు అందాయి. పరీక్షలు నడుస్తున్నాయి. ఛాతీ ఎత్తు బిళ్ళల్లో పిల్లపురుగులు చాలావరకు చచ్చి ఉన్నాయి.

ఇంకొన్ని బిళ్ళలు కావాలి. ఈసారి మంచు తవ్వి, చెట్టు మొదట్లో, నేల దగ్గరివి. వేరువేరు చెట్లవి అయిదు ఉంటే మంచిది. వీలైతే ఫిబ్రవరిలోనే. మొదళ్ళ చుట్టూ మంచు పరుపులా ఉంటుంది కదా, దాని కింద వేడి ఎంతుందో చూడాలి.

అన్నయ్యను అడిగానని చెప్పు.

హాల్యా


స్మోకీ నది లోయ,
ఫిబ్రవరి 6, 2007

హాల్యాకు,

నీ ఉత్తరం బ్యాంకువాళ్ళ ఉత్తరంలా ఉంది. మూడుసార్లు చదివాను. గండం గడిచిందా అని అడిగాను, దానికి జవాబు లేదు. జవాబు లేకపోవడమే జవాబని ఎన్నో ఏళ్ళ కింద ఒక డాక్టరు దగ్గర నేర్చుకున్నాను. నువ్వు దాచేది ఏదో ఉంది. సరే, నేను దాచింది కూడా చెబుతాను.

మీ అన్నకు ఎడమ చెవి అసలు వినపడటం లేదు, కుడిదీ సగమే. మొండితనం కాదు. పోయిన నెల పొయ్యి దగ్గర నా వెనక నిలబడ్డాడు, సలసలా కాగుతున్న కెటిల్ ఈల అంత దగ్గరగా మోగుతుంటే తల తిప్పలేదు. అప్పుడు పట్టుకున్నాను. "ఎన్నాళ్ళయింది?" అంటే, "రెండేళ్ళు" అన్నాడు. "ఎవరికైనా తెలిస్తే రంపం లైసెన్సు పీకేస్తారు. నీ నోట్లోంచి ఈ మాట బయటికొచ్చిందా, చూసుకో" అన్నాడు. చెట్లు కొట్టేవాడికి చెవే కదా హాల్యా కాపలా! కొమ్మ విరిగే ముందు చిన్నగా చిటుక్కుమంటుంది. ఆ చిటుకు విన్నవాడు పక్కకు దూకుతాడు, విననివాడు అక్కడే ఉండిపోతాడు. ఆయన రంపం పట్టుకుని వెళ్ళిన ప్రతిరోజూ వచ్చేదాకా నేను కుర్చీలో కూర్చోలేకపోతున్నాను.

నేను చెప్పానని చెప్పకు. చెబితే ఈ ఇంట్లో నాకు నిలువ నీడ ఉండదు.

నీ బిళ్ళలు పదిహేడో తేదీ, శనివారం కోస్తాడట. ఆ రోజు ఎమిల్ ఊళ్ళో ఉండడు. "ఒక్కడివే ఎందుకు, ఆగు" అన్నాను. "చెల్లెలు అడిగింది" అన్నాడు.

ఒరీసియా


ఎడ్మంటన్,
ఫిబ్రవరి 13, 2007

వదినా,

అన్నయ్యను ఆపు. దయచేసి ఆపు. బిళ్ళలు వద్దు, నాకేమీ వద్దు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీ ఇంట్లో ఫోన్ లేకపాయె, ఊళ్ళో అంగడికి ఫోన్ చేశాను. దారి మీద మంచు పేరుకుందట, లోయలోకి ఎవరూ వెళ్ళడం లేదట. మంచు తోసే బండి అటు వస్తే డ్రైవరుతో కబురు పంపుతానన్నాడు అంగడాయన. దేనికైనా మంచిదని ఇది అర్జెంటు పోస్టులో వేస్తున్నాను.

నేను దాచింది ఇదిగో. గిన్నెల్లో చలిది ఆగడం లేదు వదినా. బంక ఆవిరి పెడితే మామూలుగా బూజులన్నీ ముడుచుకోవాలి. ఎండది ముడుచుకుంది. చలిది మొదట రెండు రోజులు నిలిచి, తర్వాత ఆ ఆవిరిలోనే పాకింది. ఆవిరిని తింటోందేమోనని నా అనుమానం. అయిదు డిగ్రీల్లో కూడా, మెల్లగానైనా, రోజుకింత పాకుతోంది. మంచు కింద చెట్టు మొదళ్ళ దగ్గర చలి అంత దిగకపోతే అక్కడ పురుగూ బతుకుతుంది, దాని తిండీ బతుకుతుంది. "కొట్టకండి, ఆగండి" అన్న నా మాట తప్పయి ఉండొచ్చు. ఖాయం అయ్యేదాకా బయట ఎవరికీ చెప్పొద్దని పెద్దాయన అన్నాడు. బయట అంటే మీరు కూడా అనుకున్నాను. ఆ బ్యాంకు ఉత్తరం అలా వచ్చింది.

ఇదంతా తర్వాత. ముందు అన్నయ్యను ఆపు.

హాల్యా


గ్రాండ్ ప్రెయిరీ, ఆసుపత్రి,
ఫిబ్రవరి 24, 2007

హాల్యాకు,

ఫోన్‌లో "బతికే ఉన్నాడు, నువ్వు రాకు" అని పెట్టేశాను కదా. ఎదురుగా చూస్తే నిన్ను ఏమంటానో నాకే తెలియదు, అందుకే రావద్దన్నాను. రాయడమైతే మధ్యలో కలం కింద పెట్టొచ్చు.

శనివారం పొద్దున ఇరవై ఏడు మైనస్. మీ అన్న రంపం, పార తీసుకుని ఇంటి వెనక గట్టు మీదికి వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి కనపడడు గానీ రంపం చప్పుడు వినిపిస్తుంది. నేను బంగాళాదుంప కూరే పెరోగీలకు పిండి ఒత్తుతూ ఆ చప్పుడునే లెక్కపెడుతున్నాను. కోత, ఆగడం, చెట్టు పడటం. మళ్ళీ కోత. మూడు చెట్లయ్యాయి. నాలుగోది మొదలైంది. అప్పుడు పెళ్ళుమని ఒక విరుపు. వెంటనే దబ్బుమని ఏదో పడింది. ఆ తర్వాత రంపం ఆగలేదు, కోయనూ లేదు. ఊరికే గుర్రుగుర్రుమంటోంది. మీ అన్న రంపాన్ని ఎన్నడూ అలా వదలడు.

చేతులకు పిండితోనే పరిగెత్తాను. పరుగంటే ఏం పరుగు, నడుందాకా మంచు. మంచులో కూరుకుపోకుండా వేసుకునే తెడ్లలాంటి మంచు చెప్పులు తొడుక్కునేసరికే వేళ్ళు కొంకర్లు పోయాయి. "మైరన్! మైరన్!" అని అరిచాను. రంపమే పలికింది.

నాలుగో చెట్టు పక్కనే ఎప్పుడో నిలువునా ఎండిపోయిన చెట్టు ఒకటి ఉంది. ఆ అదురుకు దాని తల విరిగి పడింది. మీ అన్న మంచులో బోర్లా ఉన్నాడు. నా నడుమంత లావు మాను ఎడమ తొడ మీద. ముఖం పక్కకి తిప్పి, "రంపం ఆపు, పెట్రోలు దండగ" అన్నాడు. ఆ మాటకు నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తులేదు. రంపం ఆపేశాను.

"ఆపేశావేం? తియ్యి. నా తొడకి అరమూర ఇవతల కొయ్యి. నేను చెబుతా" అన్నాడు.

"నా వల్ల కాదు."

"నీ వల్లే కావాలి. ఇంకెవరున్నారిక్కడ?"

రంపం ఎత్తాను. చేతులు ఎలా వణికాయంటే ఆ పళ్ళు ఆయన ప్యాంటుకి, మానుకి మధ్య ఊగుతున్నాయి. కోస్తే మాను దొర్లుతుందేమో, దొర్లితే నడుం మీదికి వస్తుందేమో. కింద పెట్టేశాను. "తవ్వుతాను" అన్నాను. పార మాను కింద ఇరుక్కుపోయింది. మంచు చెప్పు విప్పి దాంతోనే కాలి కింద మంచు గీకడం మొదలుపెట్టాను. నువ్వు పరుపన్నావే, అదే మంచు. నాలుగడుగుల లోతు. అది లేకపోతే ఆ కాలు పిండి అయ్యేది.

కొంతసేపటికి మాట్లాడటం మానేశాడు. పెదాలు నీలంగా అయ్యాయి. చెంప మీద ఒకటి ఇచ్చాను.

"కొడుతున్నావా?" అన్నాడు.

"పలక్కపోతే ఇంకోటి ఇస్తా."

"ఇన్నేళ్ళ కోపం ఇవాళ తీర్చుకుంటున్నావే!"

"మాట్లాడుతూ ఉండు. ఆ విరుపు నాకు వంటింట్లోకి వినపడింది. నీకు వినపడలేదా?"

"ఏ విరుపు?" అన్నాడు.

అంతే. ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. నేను తవ్వుతూనే ఉన్నాను.

కాలి కింద గొయ్యి అయ్యాక చంకల కింద చేతులు వేసి లాగాను. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కట్టెలు లాగే జారుబండి మీద పడుకోబెట్టి, తాడు నడుముకు కట్టుకుని ట్రక్కుదాకా ఈడ్చాను. ఎలా ఎక్కించానో అడగకు. ఊరికి నలభై కిలోమీటర్లు, రెండు గంటలు పట్టింది. మంచు తోసే బండి మాకు సగం దారిలో ఎదురైంది. డ్రైవరు అద్దం దించి, "మీ ఆడపడుచు చెట్లు కొట్టొద్దని చెప్పమంది" అన్నాడు. నేను పక్క సీటు వైపు చూపించాను. అతను వెంటనే బండి పక్కకు తీసి దారిచ్చాడు.

తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు, చలికి చచ్చిపోయాయట. నడుస్తాడంటున్నారు. నీ అర్జెంటు ఉత్తరం మంగళవారం ఎమిల్ ఇక్కడికి తెచ్చిస్తే అందింది.

మూడు చెట్ల బిళ్ళలు కోసి పక్కన పెట్టి ఉంచాడు. ఆ గట్టు మీదే మంచులో ఉన్నాయి. వాటిని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

ఒరీసియా


ఎడ్మంటన్,
మార్చి 9, 2007

వదినా,

ఈ ఉత్తరం ఎనిమిదిసార్లు మొదలుపెట్టాను. తొమ్మిదోసారి ఇది.

పదమూడో తేదీ మంగళవారం నీ ఉత్తరం అందాక బస్సు ఎక్కితే గురువారానికల్లా మీ ఊళ్ళో ఉండేదాన్ని. మంచు తోసే బండి డ్రైవరును బతిమాలి శనివారంలోపే లోయలోకి వచ్చేదాన్ని. ఎక్కలేదు. శుక్రవారం పెద్దాయన ముందు, ఇంకో నలుగురి ముందు నా ఫలితాలు చెప్పాలి. అంగడికి ఫోన్ చేశాను, ఉత్తరం రాశాను, నా బాధ్యత తీరిందనుకున్నాను. శనివారం పొద్దున నువ్వు మంచు గీకుతున్నప్పుడు నేను "చాలా బాగా చెప్పావు" అన్న మాట తలుచుకుంటూ కాఫీ తాగుతున్నాను. ఇది నీకు ఎవరూ చెప్పరు, అందుకే నేనే చెబుతున్నాను. తిట్టు, పడతాను.

బిళ్ళలు తగలబెట్టెయ్యి. నేను అడగను. కానీ ఇక ఏదీ దాచనని అనుకున్నాను కాబట్టి ఇది కూడా విను. ఇంకో లోయవాళ్ళు మొదళ్ళ దగ్గరి బిళ్ళలు పంపారు. మంచు మట్టానికి పైన అన్నీ చచ్చాయి. కింద పదింటికి ఏడు బతికి ఉన్నాయి. జులైలో అవి రెక్కలొచ్చి ఎగురుతాయి. మీ ఇంటి చుట్టూ లెక్కపెట్టిన ముప్పై ఒక్కటిలో మిగిలినవన్నీ ఆలోపు కొట్టి, బెరడు బూడిదయ్యేదాకా కాల్చాలి. బంక ఉండలు ఉన్న ప్రతి చెట్టూ. లేకపోతే లోయ మొత్తానికి మీ ఇంటినుంచే పోతాయి.

ఇది రాస్తుంటే నాకు చాలా భయంగా ఉంది. ఎవరు కొడతారు? అన్నయ్య మాత్రం కాదు. కూలీ మనుషుల్ని మాట్లాడండి, ఖర్చు నేను పెట్టుకుంటాను.

హాల్యా


స్మోకీ నది లోయ,
జూన్ 3, 2007

హాల్యాకు,

మూడు నెలలు జవాబు రాయలేదు. కోపం అరగడానికి అంత పట్టింది. పూర్తిగా అరిగిందని అనను. అయినా బస్సు ఎక్కని సంగతి నువ్వే రాశావు చూడు, అక్కడ సగం కరిగింది.

కూలీ మనుషులు దొరకలేదు. లోయ అంతటా అదే పని. ఎమిల్ కొట్టాడు, నేనూ కొట్టాను. అవును, నేనే! "నాకు భయం ఎమిల్, చేతులు వణుకుతాయి" అంటే, "భయమున్నవాళ్ళ చేతిలోనే రంపం క్షేమం. నీ మొగుడికి భయం లేకే కదా రెండు వేళ్ళు తక్కువయ్యాయి" అన్నాడు. చిన్న చెట్లతో మొదలుపెట్టించాడు. ప్రతి కోతకూ ముందు పైకి చూడటం, పారిపోయే దారి చూసుకోవడం. నేను ప్రతిసారీ రెండుసార్లు చూశాను. ఎమిల్ విసుక్కోలేదు.

మీ అన్న చంకకర్రలు పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని, చెట్ల తలలు చూస్తూ కాపలా కాశాడు. ఒకరోజు "ఒరీసియా, దూకు!" అని అరిచాడు. దూకాను. నేను నిలబడ్డ చోట నా భుజమంత కొమ్మ పడింది. చెవి పోయినా కళ్ళు ఉన్నాయి ఆ మనిషికి. ఆ రోజు ముగ్గురం పని ఆపేసి టీ తాగాం.

చెవి సంగతి అటవీ ఆఫీసులో ఆయనే చెప్పేశాడు. లైసెన్సు తీసుకున్నారు. "ఇక నుంచి ఏ చెట్టూ నన్ను చూసి భయపడక్కర్లేదు" అన్నాడు. తర్వాత లైసెన్సు ఉండే జేబు తడుముకోవడం చూశాను.

ముందే కొట్టినవాటితో కలిపి ముప్పై ఒక్కటీ అయిపోయాయి. దుంగలు కోస్తుంటే లోపల నీలం. ఎంత అందంగా ఉందో, ఆ అందం చూస్తే ఒళ్ళు జలదరించింది. బెరడు లేపితే తెల్లగా లావుగా పిల్లపురుగులు, కదులుతూ. నువ్వు చెప్పినట్టే బూడిద చేశాం.

నువ్వు అడగవని తెలుసు. అయినా ప్రతి చెట్టు మొదట్లోంచి ఒక బిళ్ళ కోసి, నంబరు రేకు కొట్టాను, మోడుకీ అదే నంబరు. మీ అన్న ఫిబ్రవరిలో కోసినవీ ఉన్నాయి. ఆ బిళ్ళల కోసం ఆయన కాలు విరిగింది, వాటిని పొయ్యిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. నాలుగు పెట్టెలు బస్సులో వస్తున్నాయి.

ఇల్లు ఇప్పుడు బట్టతలలా ఉంది. కిటికీలోంచి అవతలి గట్టు కనిపిస్తోంది. దాని మీద అక్కడక్కడా ఎరుపు, చచ్చిన పైన్ చెట్ల ఆకులది.

ఒరీసియా


ఎడ్మంటన్,
సెప్టెంబరు 20, 2007

వదినా,

ముప్పై ఒక్క బిళ్ళలూ చూశాను. వేసవంతా వాటితోనే గడిచింది. ముప్పయింటిలో నీలం లోపలికంటా దిగింది. చలిదే. ఎండది ఎక్కడో ఒకటి రెండు చోట్ల తప్ప లేదు. మీరు కాల్చకపోతే ఆ ముప్పైలోంచి వేలకు వేలు ఎగిరేవి. మీరు చేసింది సరైన పని. ముందు ఆ మాట గట్టిగా పట్టుకో, తర్వాతిది చదువు.

పందొమ్మిదో నంబరు వేరు.

దాని మీద పురుగులు దాడి చేశాయి, మిగతావాటి మీద చేసినట్టే. బయట బంక ఉండలు కూడా అలాగే ఉన్నాయి. లోపల మాత్రం ప్రతి సొరంగమూ బొటనవేలి వెడల్పు దగ్గర ఆగిపోయింది. చుట్టూ బంక నిండిన నల్లటి మచ్చ. ఆ మచ్చలో పురుగు చచ్చి ఉంది, గుడ్లు లేవు, బూజు చచ్చి ఉంది. గిన్నెలో వేసి నెల రోజులు చూశాను, ఏ అరలోనూ మొలకెత్తలేదు. ఆ చెట్టు బంక ఆవిరి తీసి చలిదాని మీద పెట్టాను. ఆగిపోయింది. ఇంతవరకూ ఏ చెట్టు బంకకూ అది ఆగలేదు.

ఆ చెట్టు గెలిచింది వదినా. దాన్ని నేను కొట్టించాను. "బంక ఉండలున్న ప్రతి చెట్టూ" అని రాసింది నేనే. మొదట ఆగమన్నాను, అది తప్పు. తర్వాత అన్నీ కొట్టమన్నాను, ఒక చెట్టు విషయంలో అదీ తప్పే.

"కొట్టేసిన చెట్టు గురించి వాళ్ళకెందుకు చెప్పడం? బాధపెట్టడం తప్ప" అన్నాడు పెద్దాయన. ఒక రోజంతా ఆలోచించాను. ఈ ఉత్తరం వేస్తే నువ్వు ఇంకెప్పుడూ నా మాట నమ్మవేమోనని భయంగా ఉంది. అయినా వేస్తున్నాను.

హాల్యా


స్మోకీ నది లోయ,
అక్టోబరు 7, 2007

హాల్యాకు,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర పైకి చదివాను. మీ అన్నకు కుడివైపు కూర్చుని, గట్టిగా.  పందొమ్మిది నేను కొట్టిందే. చిన్నది కాదు, నాకు కాస్త ధైర్యం వచ్చాక కొట్టిన మొదటి పెద్ద చెట్టు. అది పడ్డప్పుడు ఎమిల్ చప్పట్లు కొట్టాడు. నేను గర్వంగా టోపీ తీసి వంగాను కూడా. ఇప్పుడు ఆ టోపీ పెట్టుకోబుద్ధి కావడం లేదు.

మీ అన్న లేచి కర్ర అందుకుని బయటికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. పందొమ్మిదో మోడు దగ్గర ఆగి, కర్ర కొసతో వలయాలు లెక్కపెట్టాడు. నూట నాలుగు. "కొట్లాడేదాన్ని నరకనని చెప్పింది నేనే కదా" అన్నాడు. నన్ను అంటున్నాడేమో అనుకున్నాను. కాదు. మోడు మీద చెయ్యి ఆనించి, "ఏది కొట్లాడుతోందో, ఏది ఓడిపోయిందో బయటినుంచి ఎవరికి తెలుస్తుంది? నాకూ తెలియలేదు" అన్నాడు.

మే చివర్లో, అడవి అంటుకుంటుందని, ఇక నిప్పు పెట్టొద్దని ఆర్డరు వచ్చింది, దాంతో చివరి నాలుగు చెట్ల కొమ్మలు కాల్చకుండా గుట్ట వేసి ఉంచాం. దుంగలూ బెరడూ కాల్చాం గానీ తలలు ఉండిపోయాయి. నంబర్లు కొట్టిన వరసలో వేసినవి కావు కదా, పందొమ్మిది కూడా ఆ నాలుగింటిలో ఒకటి. ఇద్దరం గుట్ట లాగి చూశాం. కొమ్మలకు కాయలు ఉన్నాయి, రాయిలా మూసుకుని. నిప్పు సెగ తగిలితే తప్ప నోరు తెరవవు అవి. ఉడతలు కొన్ని పట్టుకుపోయాయి. మిగిలినవి ఏరాం. రెండు వందల పన్నెండు. మీ అన్న మోకాళ్ళ మీద కూర్చోలేడు కాబట్టి కొమ్మలు ఎత్తి పట్టుకున్నాడు, నేను కోశాను.

సగం ఇక్కడ ఉంచుకుని, సగం నీకు పంపుతున్నాను. మా సగం వచ్చే వసంతంలో నాటుతాం. మాది పురుగు పాలైతే, నీది ఉండాలి. నీ అరల్లో ఒకటి బూజు తీసేసి వీటికియ్యి. అమ్మకు ఉన్న గట్టితనం పిల్లలకు వస్తుందో రాదో కొలిచి చెప్పు. రాదనైనా సరే, చెప్పు.

భయం పోయిందని రాయను. అవతలి గట్టు ఇప్పుడు సగం ఎర్రబడింది. చలి ఇంకా రాలేదు, వస్తుందో లేదో ఎవరికీ తెలియదు. పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని తలుపు తీసి థర్మామీటరు చూడటం. ఇదివరకు ఆ భయంలో నేనొక్కదాన్నే ఉన్నాననిపించేది. ఈ ఉత్తరంతో నువ్వూ వచ్చి పక్కన నిలబడ్డావు. నీ మాట ఇక నమ్మనేమో అని రాశావు. ఇంతకుముందుకన్నా ఎక్కువ నమ్ముతున్నాను, అది రాద్దామనే కూర్చున్నాను.

క్రిస్మస్‌కి రా. ఈసారి బస్సు ఎక్కు. మీ అన్న స్టేషనుకు వస్తానంటున్నాడు, బండి నేనే నడుపుతాను.

కాయల పెట్టె బుధవారం బస్సులో వస్తుంది. హీటరు పక్కన పెట్టకు, వేడి తగిలితే అక్కడే విచ్చుకుంటాయి.

ఒరీసియా